ఇంపీచ్‌మెంట్ వీగిపోతే అంతా వృథాయేనా?

(బరంపురంలో తెలుగు శ్రోతల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన ప్రశ్న ఇది. ఒక దేశాధ్యక్షుణ్ణి ఇంపీచ్ చేయాలా వద్దా, అంటే తప్పు మోపి పదవి నుంచి దించే అభిశంసన పెట్టాలా వద్దా అని జనం టీవీల్లో, ఫోన్లలో, టీ కొట్ల దగ్గర నెలల తరబడి వాదించుకుంటారు కదా, ఆ వాదనకి ఏమైనా విలువ ఉందా? ఓట్ల లెక్క మొదటి రోజే అందరికీ తెలుసు, చివరికి ఆ మనిషి కుర్చీలోనే ఉంటాడు, మరి ఇంత గొడవ దేనికి? మనలో చాలామంది పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. ఆదివారం వీడియో కాల్‌లో వాళ్లు "ఇక్కడ మళ్లీ ఇంపీచ్‌మెంట్ గోల నాన్నా" అంటే, మనం "అవన్నీ మనకెందుకురా, నీ వీసా సంగతి చూసుకో" అంటాం. తల్లిదండ్రులుగా ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, "మనకెందుకు" అన్న మాట మాత్రం ఒప్పుకోలేను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అధ్యక్షుడు దిగాడా లేదా అన్నది నాకు రెండో సంగతి. సభలో కూర్చున్న ఒక్కొక్కరికీ అవుననో కాదనో చెప్పక తప్పని పరిస్థితి వచ్చిందా లేదా అన్నది మొదటి సంగతి. ఆ పరిస్థితిని తెచ్చేది సభ బయట జరిగే చర్చే, ఇంకేదీ తేలేదు.

మొదట అమెరికా సంగతి. అక్కడ ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో ఆరోపణలు మోపితే దాన్నే ఇంపీచ్‌మెంట్ అంటారు. తీసేయాలా వద్దా అని విచారించేది సెనేట్ అనే పై సభ, అక్కడ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఇంతవరకు ముగ్గురు అధ్యక్షుల మీద నాలుగుసార్లు ఇది జరిగింది. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో బిల్ క్లింటన్, 2019లో ఒకసారి 2021లో ఒకసారి డొనాల్డ్ ట్రంప్. సెనేట్ ఒక్కరిని కూడా తీసేయలేదు. జాన్సన్ ఒక్క ఓటుతో బయటపడ్డాడు, 36 మంది కావాలి, 35 మందే దోషి అన్నారు.

ఒక్క ఓటు అంటే ఏమిటో మన జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయిగారి ప్రభుత్వం 269-270తో పడిపోయినప్పుడు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయి కూడా కోరాపుట్ ఎంపీ పదవి ఇంకా వదలని గిరిధర్ గమాంగ్‌గారు ఢిల్లీ వెళ్లి ఓటేశారు. అది ధర్మమా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లు ఉన్నారు. నేను ఏ పక్షమో ఇవాళ చెప్పను, చెప్పదలచుకున్నది వేరే. ఆ ఓటు ఎవరిదో, ఎటు వేశారో దేశమంతటికీ తెలుసు కాబట్టే ఆ వాదన ఇన్నేళ్లుగా బతికి ఉంది.

సరే, సెనేట్ ఎవరినీ దించలేదు కాబట్టి అదంతా దండగ అనేవాళ్లకి నేను అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పేరు చెబుతాను. 1972 నవంబరులో 50 రాష్ట్రాల్లో 49 గెలిచిన మనిషి. ఆ జూన్‌లోనే వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి నిక్సన్ మనుషులు పంపిన దొంగలు చొరబడ్డారు, మొదట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత 1973 మే నుంచి సెనేట్ కమిటీ విచారణ టీవీలో వచ్చింది. ఇళ్లల్లో కూర్చుని జనం చూశారు. ఎవరు ఏ రోజు ఏం మాట్లాడారు, అధ్యక్షుడికి ఎప్పుడు తెలిసింది, ఆఫీసులో మాటలు రికార్డయిన టేపులున్నాయట కదా అవి ఎందుకివ్వరు, ఇలా సామాన్యులు వాదించుకున్నారు. 1974 జులై 24న ఆ టేపులు ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆగస్టు 7న ఆయన సొంత పార్టీ పెద్దలే వెళ్లి, సభలో మీకింక బలం లేదని ముఖాన చెప్పారు. 9న రాజీనామా. ప్రతినిధుల సభ పూర్తి ఓటింగ్ దాకా కూడా రాలేదు. మరి ఆయన్ని దించిందేమిటి? రెండేళ్లపాటు ఆగకుండా సాగిన చర్చ. లెక్క ప్రకారం చూస్తే నిక్సన్ ఇంపీచ్ అయిన అధ్యక్షుడే కాదు, కానీ ఇంపీచ్‌మెంట్ భయం పూర్తిగా పనిచేసింది ఆ ఒక్కసారే.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను న్యాయం చేసినట్టు కాదు. చర్చ అంటే ఎప్పుడూ అధ్యక్షుడికి వ్యతిరేకంగానే పోతుందని లేదు. క్లింటన్‌ని ఇంపీచ్ చేసిన 1998 డిసెంబరులో గ్యాలప్ సర్వేలో ఆయన పనితీరుకి 73 శాతం మంది మార్కులు వేశారు. ప్రమాణం చేసి అబద్ధమాడాడు, అది తప్పే, కానీ ఒక వ్యక్తిగత వ్యవహారం దాచడానికి ఆడిన అబద్ధానికి దేశాధ్యక్ష పదవి తీసేస్తారా అని జనం తూచి చూసుకున్నారు, తీసేయక్కర్లేదనుకున్నారు. నా ఉద్దేశంలో సరిగ్గానే అనుకున్నారు. దక్షిణ కొరియాలో 2004 మార్చిలో రో మూ-హ్యూన్‌ని ఇంపీచ్ చేశారు. ఎన్నికల్లో తటస్థంగా ఉండాల్సిన మనిషి ఒక పార్టీకి మద్దతుగా మాట్లాడాడన్నది ముఖ్యమైన ఆరోపణ. నెల తిరిగేసరికి ఎన్నికలొచ్చాయి, ఆయన వైపున్న పార్టీ 299లో 152 సీట్లు గెలిచింది, మే నెలలో రాజ్యాంగ న్యాయస్థానం ఇంపీచ్‌మెంట్‌ని కొట్టేసింది. అంటే చిన్న తప్పుకి పెద్ద కర్ర ఎత్తినవాణ్ణి జనం గుర్తుపడతారు. చర్చ లేకపోతే చిన్న తప్పేదో పెద్ద తప్పేదో తేల్చేదెవరు?

ట్రంప్ విషయానికి వస్తే, ఇక్కడే నాకు చాలామందితో వాదన. 2021 జనవరి 6న కాంగ్రెస్ భవనం మీద దాడి జరిగింది, వారం తిరిగేసరికి 232-197తో ఇంపీచ్ చేశారు, ఆయన పార్టీ వాళ్లే పదిమంది అందులో కలిశారు. ఫిబ్రవరి 13న సెనేట్‌లో 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు, 67 కావాలి కాబట్టి వీగిపోయింది. సెనేట్‌లో ఆ పార్టీ నాయకుడు మెకానెల్ నిర్దోషి అని ఓటేసి, వెంటనే లేచి ఆ దాడికి నైతిక బాధ్యత ట్రంప్‌దేనని మాట్లాడాడు. పదవి దిగిపోయినవాణ్ణి విచారించే అధికారం మాకు లేదన్నది ఆయన చూపిన కారణం. 2024 నవంబరులో ట్రంప్ మళ్లీ గెలిచాడు. "చూశారా మాస్టారూ, ఏమైంది మీ చర్చ" అని నన్నడుగుతారు. ఏమైందో చెబుతాను. తమ పార్టీ అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఓటేసిన ఆ పదిమందిలో 2022లో మళ్లీ సభకి వచ్చింది ఇద్దరే. నలుగురు పోటీయే చేయలేదు, నలుగురు ప్రైమరీల్లో, అంటే అభ్యర్థి ఎవరో తేల్చే సొంత పార్టీ ఎన్నికల్లో, ఓడిపోయారు. వాళ్లు ఇలా జరుగుతుందని తెలియని అమాయకులు కారు. తెలిసి ఓటేశారు. వాళ్ల పేర్లున్నాయి, మిగతా వాళ్ల పేర్లూ ఉన్నాయి. అమెరికా జనం వాళ్లలో ఎవరిని మెచ్చుకుంటారన్నది వాళ్లిష్టం, ఇప్పుడు ఒకలా ఉంటుంది, ముప్పై ఏళ్లకి ఇంకోలా ఉండొచ్చు. కానీ ఎవరూ "నేనారోజు లేను" అనడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెబుతాను, అది మన గంజాంకి కాస్త దగ్గరిది. 1787లో అమెరికా వాళ్లు రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు, మన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. బెంగాల్‌లో గవర్నర్ జనరల్‌గా చేసి వెళ్లిన వారన్ హేస్టింగ్స్‌ని ఇంగ్లండ్‌లో ఇంపీచ్ చేసే పని నడుస్తోంది. జార్జ్ మేసన్ అనే ఆయన అక్కడ ఫిలడెల్ఫియాలో లేచి, ఇంపీచ్‌మెంట్‌కి కారణాలుగా దేశద్రోహం, లంచం అని రెండే రాస్తే హేస్టింగ్స్ లాంటివాడు తప్పించుకుపోతాడన్నాడు. ఆ అభ్యంతరంతోనే ఇంకా విశాలమైన మాటలు అందులో చేరాయి. హేస్టింగ్స్ విచారణ 1788లో మొదలై ఏడేళ్లు సాగి 1795లో నిర్దోషి అని ముగిసింది. ఇదీ వీగిపోయిన కేసే. కానీ ఇక్కడ మన మీద జరిగిన పాలన అక్కడి పార్లమెంటు రికార్డుల్లోకి ఎక్కింది, ఇంకో ఖండంలో ఒక రాజ్యాంగం రాతను కూడా మార్చింది. అదే ఫిలడెల్ఫియా సభలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంకో మాట అన్నాడు. ఇంపీచ్‌మెంట్ లేని రోజుల్లో చెడ్డ పాలకుణ్ణి వదిలించుకోవాలంటే చంపడమే దారి, అందులో ఆ మనిషి ప్రాణమే కాదు, తన మీది మచ్చ చెరుపుకునే అవకాశం కూడా పోతుంది అని. నాకీ మాట చాలా ఇష్టం. ఇంపీచ్‌మెంట్ నిందితుడికి కూడా మేలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, దీని గురించే మీతో ఎక్కువ మాట్లాడాలనుకున్నాను. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ టీవీలోకి వచ్చి సైనిక పాలన ప్రకటించాడు. సైనికులు పార్లమెంటుకి వచ్చేశారు. ఎంపీలు గోడలు దూకి లోపలికి వెళ్లారు, స్పీకర్ కూడా దూకాడు. అర్ధరాత్రి దాటాక 190 మంది సమావేశమై, 190కి 190 ఓట్లతో సైనిక పాలన ఎత్తేయాలని తీర్మానించారు. ఎత్తేయక తప్పలేదు. తర్వాత ఇంపీచ్‌మెంట్ తీర్మానం 7వ తేదీన వచ్చింది. 300 మంది సభలో 200 ఓట్లు కావాలి. పాలక పార్టీ ఎంపీలు ఏం చేశారో తెలుసా? వ్యతిరేకంగా ఓటేయలేదు. లేచి బయటికి వెళ్లిపోయారు. సభలో సంఖ్య సరిపోకపోతే తీర్మానం దానంతటదే పోతుంది కదా అని.

అప్పుడు ప్రతిపక్ష నాయకుడొకాయన మైకు దగ్గర నిలబడి, వెళ్లిపోయిన నూటికి పైగా ఎంపీల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఫలానా సభ్యుడా, తిరిగి రండి, ఫలానా సభ్యురాలా, తిరిగి రండి అని. పాలక పార్టీ నుంచి ముగ్గురే ఓటేశారు. అందులో ఒకామె, కిమ్ యే-జి, చూపు లేని ఎంపీ. బయటికి వెళ్లి కూడా తిరిగొచ్చి ఓటేసింది. మొత్తం 195 ఓట్లే పడ్డాయి, తీర్మానం పోయింది. ఆ రాత్రి "ఇంపీచ్‌మెంట్ ఫెయిల్" అని వార్త వచ్చింది. మన "ఏం లాభం" వాళ్లు అక్కడుంటే ఇంటికెళ్లి పడుకునేవాళ్లు.

వాళ్లు పడుకోలేదు. గడ్డకట్టే చలిలో, పాటల కచేరీలకి తీసుకెళ్లే లైటు కర్రలు పట్టుకుని కాలేజీ పిల్లలు పార్లమెంటు ముందు నిలబడ్డారు. దేశమంతా ఒకటే ప్రశ్న, మా ఎంపీ ఎందుకు వెళ్లిపోయాడు? ఎటు ఓటేశాడని కాదు, ఎందుకు లేడని. సరిగ్గా వారానికి, 14న, తీర్మానం మళ్లీ వచ్చింది. ఈసారి మొత్తం 300 మందీ వచ్చి ఓటేశారు. 204 అనుకూలం, 85 వ్యతిరేకం, మిగతావి తటస్థం, చెల్లనివి. ప్రతిపక్షాలకున్నవి 192 సీట్లే, అంటే కనీసం పన్నెండు ఓట్లు పాలక పార్టీ నుంచి వచ్చినవే. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఆయన్ని పదవి నుంచి తొలగించారు. యూన్ చేసింది 7న ఎంతో 14నా అంతే. మారింది జనం అడిగిన తీరు.

ముందు వరసలో ఈ అమ్మాయి ఏదో అడుగుతోంది. కొరియాలో అది రహస్య ఓటు కదా, మరి ఎవరి ఓటు ఎటో తెలియదు కదా అంటోంది. మంచి ప్రశ్నమ్మా. నిజమే, అక్కడ రహస్య బ్యాలెట్. ఆ పన్నెండు మందికి ధైర్యం వచ్చింది బహుశా అందుకే కూడా. నేను బహిరంగ ఓటు వైపే ఉంటాను, కానీ పార్టీ పీక మీద కూర్చున్నప్పుడు రహస్య ఓటుకి కూడా ఒక ప్రయోజనం ఉందని ఒప్పుకుంటాను. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది. పార్టీ విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న ఆదేశం, జారీచేస్తే దాన్ని కాదన్నవాడికి, ఓటేయకుండా ఉన్నవాడికి కూడా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. అమెరికాలో ఆ పదిమందిలో చాలామంది తర్వాతి ఎన్నికల్లో నష్టపోయారు. మన దగ్గరైతే అంతదాకా కూడా ఆగక్కర్లేదు. ఇంత గంభీరమైన విషయంలో విప్ ఉండకూడదని చట్టంలోనే రాయాలని నా అభిప్రాయం.

లేచిపోవడం, నోరు విప్పకుండా కూర్చోవడం కొరియా వాళ్ల సొత్తు కాదు. 1993 మేలో మన లోక్‌సభలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.రామస్వామి మీద అభిశంసన తీర్మానం వచ్చింది. అధ్యక్షుడు కాదు, జడ్జి, కానీ పద్ధతి దాదాపు ఆ కోవదే. సోమనాథ్ ఛటర్జీగారు ప్రవేశపెట్టారు, జడ్జి తరఫున కపిల్ సిబల్‌గారు సభలోనే గంటలకొద్దీ వాదించారు. దేశం చూసింది. ఓటింగ్‌లో అనుకూలం 196. వ్యతిరేకం ఒక్కటీ లేదు. 205 మంది ఓటేయకుండా కూర్చున్నారు. ఒక్క మనిషి కూడా "ఈయన తప్పు చేయలేదు" అని లేచి చెప్పలేదు, అయినా తీర్మానం పోయింది! ఇది నాకు జాన్సన్ కేసు కన్నా, ట్రంప్ కేసు కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. కాదన్నవాడితో వాదించొచ్చు. ఏమీ అననివాడితో ఏం వాదిస్తాం?

ఆ కూర్చున్నవాళ్లు కాంగ్రెస్, వాళ్ల మిత్రపక్షాల సభ్యులు. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావుగారు. మూడేళ్ల తర్వాత 1996లో ఆయన నంద్యాలలోనూ మన బరంపురంలోనూ గెలిచి, బరంపురం సీటే ఉంచుకున్నారు. పీవీగారి మీద నాకు చాలా గౌరవం ఉంది, ఒక తెలుగు ప్రధాని మన ఊరి ఎంపీగా ఉండడం మనకి గర్వమే. ఆ 205 మంది మౌనం గురించి అడిగే హక్కు కూడా అందరికన్నా మనకే ఎక్కువ ఉండింది.

2018లో ఇంకొకటి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాగారు, మన ఒడిశా మనిషి. ఆయన మీద రాజ్యసభలో 64 మంది సిట్టింగ్ సభ్యుల సంతకాలతో నోటీసు ఇచ్చారు. సభాధ్యక్షులు వెంకయ్యనాయుడుగారు ఏప్రిల్ 23న దాన్ని తిరస్కరించారు. ఒక ఒడియా జడ్జి, ఒక తెలుగు ఉపరాష్ట్రపతి, కాబట్టి ఇక్కడ ఇళ్లల్లో కూడా మాటలు నడిచాయి. ఆరోపణల్లో పస లేదని ఆయనన్నారు, ఉండకపోవచ్చు. కానీ అది సభ ముందుకి రాకుండా ఒక్కరి సంతకంతో ఆగిపోవడం నాకు నచ్చలేదు. ఆరోపణ నిలిచినా, కూలినా అది పదిమంది ముందే జరగాలి. అది మిశ్రాగారికి కూడా మంచిదయ్యేది.

ఇక మన రాష్ట్రపతి. నలుగురూ తిరిగే ఆ గిరి రోడ్డు పేరు ఎవరిదో పిల్లలకి తెలుసో లేదో. వరాహగిరి వెంకటగిరి ఈ ఊళ్లోనే 1894లో పుట్టారు, ఖల్లికోట కాలేజీలో చదివారు. 1969లో ఇండిపెండెంట్‌గా నిలబడి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారిని రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో ఓడించారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో కేసు పడింది. సంజీవరెడ్డిగారి మీద నీచమైన కరపత్రం ఒకటి పార్లమెంటులో పంచారన్నది అందులో ఒక ఆరోపణ. గిరిగారు రాష్ట్రపతిగా ఉంటూనే స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కేసు కొట్టేశారు. రాష్ట్రపతి సాక్షిగా నిలబడితే పదవికి అవమానమని అప్పుడు అనుకున్నవాళ్లు ఉండొచ్చు. నాకైతే పదవి గౌరవం ఆ రోజు పెరిగింది. అడిగితే జవాబు చెప్పాడు మా ఊరాయన, అని నేను తరగతిలో ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి.

రాష్ట్రపతి అభిశంసన మన రాజ్యాంగం 61వ అధికరణంలో ఉంది. కారణం ఒక్కటే, రాజ్యాంగ ఉల్లంఘన. ఏ సభలోనైనా మొదలుపెట్టొచ్చు. నాలుగో వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల ముందు నోటీసు, ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు. లోక్‌సభ అయితే 543లో 362. తర్వాత రెండో సభ విచారిస్తుంది, రాష్ట్రపతి తన వాదన వినిపించుకోవచ్చు, అక్కడా మూడింట రెండొంతులు ఒప్పుకుంటే ఆ క్షణం నుంచే పదవి పోతుంది. ఇప్పటివరకు ఎవరి మీదా రాలేదు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుచుకోవాలి కాబట్టి రాకపోవడం సహజమే. ఒక విచిత్రం చూడండి, రాష్ట్రపతి ఎన్నికలో మన 147 మంది ఎమ్మెల్యేలకీ ఓటుంది, తొలగింపులో ఒక్కరికీ లేదు.

వెనక నుంచి ఒక బాబు అడుగుతున్నాడు, ఇదంతా ఢిల్లీ సంగతి, మా ఊళ్లో సర్పంచ్ మీద అవిశ్వాసం పెడితే వార్డు మెంబర్లని లాడ్జిలో పెట్టి తలుపేస్తున్నారు, దానికేమంటారు అని. బాబూ, నేను సాయంత్రం నుంచి చెబుతున్నది దాని గురించే. మనకిక్కడ సర్పంచ్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు, దించాలంటే మాత్రం మెంబర్లలో మూడింట రెండొంతులు కావాలి. జనం ఓటుతో వచ్చినవాణ్ణి వేరేవాళ్ల ఓటుతో దించుతున్నారు, అమెరికా చిక్కూ అదే, కొరియా చిక్కూ అదే. లాడ్జికి ఎందుకు తీసుకెళ్తారు? ఊళ్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారని. సర్పంచ్ చేసిన తప్పేంటి, బిల్లు ఎక్కడ, పని ఎక్కడ అని పల్లీసభలో ముందే గట్టిగా చర్చ జరిగి ఉంటే, ఆ మెంబరు ఏ లాడ్జిలో ఉన్నా జవాబు చెప్పాల్సిన మనిషే అవుతాడు. నోటీసు వచ్చాక కాదు, రాకముందే అడగాలి.

ఆఖరి ప్రశ్న అంటున్నారు, టైమైపోయింది. రాష్ట్రపతి మీద నిజంగా ఎప్పుడైనా తీర్మానం వస్తే మనలాంటి వాళ్లం ఏం చేయగలం? 14 రోజుల గడువుంది కదమ్మా. పర్లాకిమిడి, మోహనా, చికిటి వాళ్లందరిదీ బరంపురం ఎంపీ సీటే. గుణుపురం, రాయగడ వాళ్లది కోరాపుట్. ఎంపీగారు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆరోపణ చదివారా, మీ ఓటు ఎటు, ఆ రోజు సభలో ఉంటారా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడోది మర్చిపోవద్దు.